నీలం చుక్కల ముక్క

“ఇదిగో, ఆ ఉప్పు ఇలా అందుకో,” అన్నాడు మొగుడు.

ఉప్పుడబ్బా అతని మోచేతికి ఆనుకునే ఉంది. ఆమె తోముతున్న గిన్నె వదిలి, చేతులు తుడుచుకుని వచ్చి, ఆ మోచేతి దగ్గర్నుంచి డబ్బా తీసి కంచం పక్కన పెట్టింది. అతను వేసుకున్నాడు, కలుపుకున్నాడు, తిన్నాడు. తల ఎత్తలేదు. ఉప్పు దానంతటదే నడిచొచ్చిందనుకున్నాడో ఏమో. ఆ ఇంట్లో అన్నీ అలాగే నడిచొస్తాయి మరి. ఉతికిన బట్టలు బీరువాలోకి, మందుబిళ్ళలు అత్తగారి మంచం దగ్గరికి, మంచినీళ్ళు సీసాల్లోకి, అన్నీ వాటంతటవే నడిచొచ్చి కూర్చుంటాయి. ఇంటిపనికున్న శాపమే అది. చేస్తే ఎవరి కంటికీ ఆనదు, చెయ్యకపోతే మాత్రం ఊరంత కనపడుతుంది.

“బుధవారం కదూ ఇవాళ?” అన్నాడు ముద్ద మింగి. “మళ్ళీ ఆ గుడ్డపీలికల కచేరీకేనా?”

“సాయంత్రం టీ వేళకి వచ్చేస్తానండీ.”

“రాకపోతే తెలుస్తుందిగా,” అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది. “ఇంట్లో దుప్పట్లు చిరిగి పోగులు పెడుతున్నాయి. అవి కంటికి కనపడవు. ఊరందరి బొంతలూ కుట్టాలి మహాతల్లికి!”

ఆమెకి ఈ మాటలు కొత్తవా ఏం? కాపరానికొచ్చిన కొత్తలో ఒక్కో మాటా ముల్లు దిగినట్టు దిగేది. సూది గుచ్చుకుని గుచ్చుకుని వేలికొస కాయ కాస్తుందే, అలా ఆ తర్వాత మనసూ కాయ కాసింది. ఇప్పుడు గుచ్చుకున్న సంగతి తెలుస్తుంది గానీ నెత్తురు రాదు. అయినా ఒక్కటి మాత్రం ఇప్పటికీ లోపల కదులుతూనే ఉంటుంది. ఒకసారి మొగుడి ఆఫీసువాళ్ళెవరో ఇంటికొచ్చి, మీ ఆవిడేం చేస్తారండీ అనడిగితే, వాళ్ళకి తను చేసి పెట్టిన ఫలహారం తింటూనే అతను, “మా ఆవిడా? ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది,” అన్నాడు. అనడంలో కోపం లేదు, వెటకారం లేదు. కిటికీకి ఊచలున్నాయి అన్నంత మామూలుగా అన్నాడు. ఆ మామూలుతనమే ఆమెకి నిద్రపట్టనివ్వలేదు. ఆ ఇంట్లో ఆమెకి పేరు కూడా అరిగిపోయింది. ఇదిగో, ఏమేవ్, వదినా, మీ ఆవిడ. ఇన్నిటి మధ్య సొంతపేరు ఎక్కడో బీరువా వెనక పడిపోయింది. ఆస్పత్రిలో చీటీ రాసే అమ్మాయి పేరడిగితే ఆమె ఒక్క క్షణం తడుముకునేది.

పేరున్న చోటు ఒక్కటే. అక్కడ ఆమెని సన్నకుట్టు అంటారు.

పెద్దవీధి చివర మూతపడ్డ బట్టల కొట్టొకటుంది. దాని పైగదిలో బుధవారం మధ్యాహ్నాలు బొంతల సంఘం ఆడవాళ్ళు కలుస్తారు. చెక్కమెట్లు ఎక్కుతుంటేనే లోపలి నవ్వులు చెవిన పడతాయి. గది నడుమ మంచమంత చెక్క చట్రం, దానికి బిగించి పరిచిన బొంత. పైన అతుకుల పొర, మధ్యన దూది, అడుగున అస్తరు. చుట్టూ పొట్టి పీటలు. ఎవరివైపు నుంచి వాళ్ళు నడిమికి కుట్టుకుంటూ వస్తారు. పైచెయ్యి సూది దింపుతుంది, చట్రం కిందున్న చెయ్యి చూడకుండానే మొన అందుకుని పైకి తోస్తుంది. ఎవరి కుట్టు వాళ్ళదే. గొంతు విని మనిషిని పోల్చుకున్నట్టు, వాళ్ళు వరస చూసి మనిషిని చెప్పేస్తారు. ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన నర్సుది గాయం కుట్టినట్టు గట్టికుట్టు. బస్సు టిక్కెట్ల కౌంటర్లో కూర్చునే వాగుడుకాయది మాటలు ఎటు పోతే అటు పోయే వంకరకుట్టు. ఈమెది ఆవగింజల్లా పక్కపక్కన పడే సన్నకుట్టు. అలా ఆ పేరొచ్చింది.

సంఘానికి పెద్ద పెద్దక్క. ఆ కిందికొట్టులో ఏళ్ళతరబడి గుడ్డ కొలిచి చించిన మనిషి. ఆవిడ పెట్టిన పద్ధతులు కొన్నున్నాయి. బొంతలో కొత్తగుడ్డ వెయ్యకూడదు, ఒంటిమీద నలిగిన గుడ్డే వెయ్యాలి. ఎవరైనా ఓ వారం రాలేకపోతే ఆ పీట మీద ఇంకొకరు కూర్చోకూడదు, దారం ఎక్కించిన సూది ఆమె వరస చివర గుచ్చి ఉంచాలి. ఇక ఒక్కో బొంతా వంతులవారీగా ఒక్కొక్కరిది. అందరూ కుడతారు గానీ ఆఖరి కుట్టు మాత్రం ఎవరి బొంతకి వాళ్ళే వెయ్యాలి. ఆ కుట్టు పడేదాకా బొంత చట్రం దిగదు.

ఈసారి వంతు సన్నకుట్టుది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పుట్టి బుద్ధెరిగాక తనకోసమని పదిమంది కూర్చుని ఒక పని చెయ్యడం ఆమె ఎరగదు. బుధవారం రాగానే లోపల ఎక్కడో చిన్నపిల్ల గెంతేది.

ఇంకొకావిడ ఉంది ఆ గదిలో. కిటికీ పెద్దమ్మ. చట్రం దగ్గరికి రాదు. కిటికీ పక్క కుర్చీలో, వెలుగుకి వీపు పెట్టి, ఒళ్ళో ఏదో పాత బొంత వేసుకుని ఒక్కతే కుట్టుకుంటూ ఉంటుంది. వెనకనుంచి వెలుగు పడి మొహమెప్పుడూ నీడగానే కనపడుతుంది. మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. మెట్లెక్కి రాగా చూసినవాళ్ళూ లేరు, దిగి పోగా చూసినవాళ్ళూ లేరు. పెద్దక్క తాళం తీసి లోపలికెళ్ళేసరికే కూర్చుని ఉంటుంది. మొదట్లో సన్నకుట్టు అడిగింది, “ఎవరక్కా ఆవిడ?” అని. “మనావిడే,” అంది పెద్దక్క. అంతే. ఇంకెవరూ అడగరు. అలవాటైపోయింది.

ఆ మధ్యాహ్నం నవ్వులే నవ్వులు. వాగుడుకాయ ఒక గళ్ళముక్క మీద వేలు పెట్టి, “ఇది మా ఆయన చొక్కాది. చొక్కా ఏదీ అని ఇల్లంతా బోర్లించి వెతుకుతున్నాడు. ‘ఎక్కడికి పోతుందండీ, ఇంట్లోనే ఉంటుంది’ అన్నాను,” అంది.

“పాపం, మనిషికి ఇష్టమైన చొక్కానేమోనే!” అంది నర్సు.

“ఇష్టమే. అందుకే ఇదే చించాను.”

నవ్వి నవ్వి సన్నకుట్టుకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ నవ్వుల మధ్య చేతులు వాటి దారిన అవి కుట్టుకుంటూ పోయాయి. వేళయిందని లేవబోతే చట్రం కూడా ఆమెతోపాటు లేచింది. ఒళ్ళో బట్ట ఎప్పుడు పైకి ముడుచుకుందో, అడుగు అస్తరుతో కలిపి తన బట్టని తనే కుట్టేసుకుంది. నీలం మీద తెల్లచుక్కల బట్ట, ఒడి దగ్గర అరచేతంత మేర బొంతకి అతుక్కుపోయింది.

“అమ్మయ్యో, సన్నకుట్టు తన్నే కుట్టేసుకుంది!” వాగుడుకాయ చప్పట్లు కొట్టింది. “ఇక ఇంటికెలా వెళ్తావే? చట్రం మోసుకుని పో!”

“కంగారు పడకు,” అంది పెద్దక్క. “బొంత కుట్టే ప్రతి మనిషికీ ఒక్కసారన్నా ఇది జరుగుతుంది. కూర్చుని ఒక్కో కుట్టూ విప్పుకో. ఎంత పొద్దుపోయినా సరే విప్పుకోవాలి. కత్తెర మాత్రం పెట్టకు.”

సన్నకుట్టు కూర్చుంది. సూదిమొనతో ఒక కుట్టు లేపింది. సన్నకుట్టు కదా, అంత తేలిగ్గా లేవదు. రెండోది లేపబోతుంటే సంచిలో ఫోను మోగింది.

“ఎక్కడ చచ్చావు? అమ్మకి టీ వేళ దాటిపోతోంది. అడుగుతోంది!”

“వచ్చేస్తున్నానండీ, ఇక్కడ చిన్న...”

“నాకు కథలు చెప్పకు.”

ఫోను పెట్టేశాడు. ఆమె చెయ్యి దానంతటదే కత్తెర మీదికి పోయింది. కరకరా నాలుగు పోట్లు. నీలం చుక్కల ముక్క బొంత అడుగున ఉండిపోయింది, ఒడి దగ్గర కన్నంతో ఆమె లేచి నిలబడింది.

కిటికీ పెద్దమ్మ చేతిలో సూది ఆగింది. ఆ సూది ఆగగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నీడమొహం మెల్లగా ఇటు తిరిగింది.

“కత్తిరించేశావా తల్లీ,” అంది పెద్దక్క. గొంతులో కోపం లేదు. “సర్లే. వెళ్ళు. ఇక్కడ ఉండిపోయినదాన్ని మేం చూసుకుంటాంలే.”

ఆ మాటేంటో ఆలోచించే తీరిక లేదు. కన్నం కనపడకుండా సంచి అడ్డం పెట్టుకుని పరుగున మెట్లు దిగుతుంటే, పైనుంచి మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి. నర్సు నవ్వు, వాగుడుకాయ నవ్వు. వాటి మధ్య ఇంకొక నవ్వు ఉంది. ఆమె సగం మెట్ల మీద ఆగిపోయింది. అది తన నవ్వులా ఉంది.

ఇంటికెళ్ళి టీ పెట్టింది. తిట్లు తింది. ఒంటరిగా కూర్చుని ఆ కన్నానికి వేరే గుడ్డ అతుకేసింది. తెల్లారి చూస్తే ఆ అతుకు కిందపడి ఉంది, కుట్లన్నీ ఊడి నేలమీద నల్లచీమల్లా చెదిరి ఉన్నాయి. మళ్ళీ వేసింది. మళ్ళీ ఊడింది. ఇక ఆ బట్ట అలాగే మడిచి పెట్టేసింది.

తర్వాతి బుధవారం ఆడబిడ్డ వచ్చింది పిల్లలతో. “ఇవాళ ఎక్కడికీ కదలకు,” అన్నాడు మొగుడు. కదిలే వీలెక్కడుంది? పొయ్యి దగ్గర ఒకటి, పంపు దగ్గర ఒకటి, పిల్లల వెనక ఒకటి, మూడు ఒళ్ళుంటే తప్ప తెమిలే పని కాదు. ఆడబిడ్డ కాళ్ళు చాపుకుని, “వదినా, నీ బొంత ఎంతవరకొచ్చింది? అమ్మ నాకిప్పిస్తానంది,” అంది.

చేతిలో గరిటె ఆగింది. “అది నాదమ్మా. నా వంతుది.”

“నీదేంటి, నాదేంటి,” అంది అత్తగారు మంచం మీంచి. “నీకేం తక్కువైందని? దుప్పటి కప్పుకుంటున్నావుగా. అయ్యాక అమ్మాయికిచ్చెయ్. ఈపాటికి అయ్యే ఉంటుంది. ఆ ఆఖరి కుట్టేదో వేసి తెచ్చేసి ఆ కచేరీ మానెయ్.”

మొగుడు పేపరు తిప్పాడు. “మంచిమాట. తెచ్చాక ఇక ఆ గోల ఉండకూడదు.”

ఆమె గరిటె తిప్పింది. కూర అడుగంటలేదు. ఆ ఇంట్లో ఏ రోజూ ఏదీ అడుగంటలేదు. లోపల మాత్రం ఏదో మాడుతున్న వాసన. పది చేతులు పట్టి కుట్టిన బొంత, తన ఒంటి గుడ్డలు నడిమిన వేసి కుట్టిన బొంత, ఒక్కరోజు కూడా కప్పుకోకుండా చేతులు మారిపోతుంది. దాంతోపాటు బుధవారమూ పోతుంది. ఆ పేరూ పోతుంది. ఇక మిగిలేది ‘ఇదిగో’.

ఆ పై బుధవారం మొగుణ్ణి అడగలేదు. ఆఫీసుకి అటు పోగానే ఇటు బయల్దేరింది. గదిలోకి అడుగుపెడుతూనే, “పోయిన వారం రాలేకపోయానక్కా, ఇంట్లో చుట్టాలు,” అంది.

వాగుడుకాయ నోరు తెరిచి చూసింది. “రాకపోవడమేంటే? నా పక్కనే కూర్చున్నావు!”

“పరాచికాలు చాలు.”

“పరాచికాలేంటి? పైగా ఏం నవ్వావనీ! మాట్లాడమంటే మాట్లాడవు. నేనేం చెప్పినా నవ్వడమే. నీలో అంత నవ్వుందని నాకు తెలీదు సుమా. కాకపోతే,” నర్సువైపు చూసింది, “ఈవిడ నీ చెయ్యి తగిలి ఉలిక్కిపడింది.”

“చల్లగా ఉంది,” అంది నర్సు సూది మీంచి కళ్ళెత్తకుండా. “నేను చాలా చేతులు పట్టుకున్నానులే. అంత చల్లటి చెయ్యి...” మిగతాది మింగేసింది.

సన్నకుట్టు తన పీట దగ్గరికి నడిచింది. రెండు వారాల కింద తను ఆపిన చోటునుంచి కొత్తవరసలు జానెడు మేర పాకి ఉన్నాయి. ఆవగింజల్లాంటి కుట్లు, పక్కపక్కన. ఆ కుట్టు ఇంకెవరికీ రాదు. వేళ్ళతో తడిమింది. అచ్చం తనదే. కాకపోతే ఎక్కడా తడబాటు లేదు. గడియారం చూసుకుంటూ కుట్టే మనిషి కుట్టులో ఉండే చిన్న బిగువు, అది లేదు. తనకి తీరికుంటే ఎలా కుట్టేదో అలా ఉంది.

పెద్దక్క వైపు చూసింది. పెద్దక్క బొంత అంచు తిరగేసి చూపించింది. అడుగున నీలం చుక్కల ముక్క.

“ఇక్కడినుంచి ఎవరు వెళ్తారో, ఇక్కడ ఎవరు ఉంటారో నేను అడగనమ్మా,” అంది. “పీట ఖాళీగా ఉండకపోతే చాలు నాకు. కూర్చో.”

పారిపోదామనిపించింది. కానీ ఎక్కడికి? భయపడి పారిపోయే మనిషి ఇంటికే కదా పోవాలి. ఆమె కూర్చుంది. సూది పట్టుకోగానే చెయ్యి కుదుటపడింది. బయట వాన మొదలైంది. కిటికీ పెద్దమ్మ కుట్టుకుంటూనే ఉంది, వానలో ఆ నీడ ఇంకా చిక్కబడింది. మాటల్లో పడి, వానలో పడి, వేళ సంగతే మర్చిపోయింది. తల ఎత్తేసరికి వీధిదీపాలు వెలిగాయి. ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. అదే మొదటి భయం.

తడిసి ముద్దై ఇల్లు చేరింది. దారంతా మనసులో సంజాయిషీలు పేర్చుకుంటూనే ఉంది. మొగుడు టీవీ ముందున్నాడు. పక్కన ఖాళీ టీకప్పు, అడుగున ఇంకా పొగ.

“వాన అండీ, అందుకే...”

“ఊ,” అన్నాడు టీవీలోంచి చూపు తిప్పకుండా. “టీ ఇప్పుడే కదా ఇచ్చావు. మళ్ళీ ఎందుకు వచ్చి నిలబడ్డావు? అడ్డం తప్పుకో.”

ఆమె తడిబట్టల్లోంచి నీళ్ళు కారి అతని కాళ్ళ దగ్గర మడుగు కట్టాయి. అతను కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. అంతే.

వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. పొయ్యి తుడిచి ఉంది. అన్నం వార్చి మూత పెట్టి ఉంది. చెయ్యి తుడుచుకునే గుడ్డ ఇంకా తడిగా మేకుకి ఊగుతోంది, ఇప్పుడే ఎవరో తగిలించి పక్కకి జరిగినట్టు. ఎవరూ లేరు. ఆమె మడిచి దాచిన నీలం బట్ట మాత్రం, ఒడి దగ్గర కన్నంతో, గట్టుమీద కుప్పగా పడి ఉంది. ఇప్పుడే ఒంటిమీంచి జారినట్టు ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది.

నిజం చెప్పాలంటే ఆమెని వణికించింది అది కాదు. మధ్యాహ్నమంతా తను లేదు, ఆ ఇంట్లో ఒక్కరికీ తెలీలేదు. ఎవరో ఒకరు టీ ఇచ్చారు, చాలు. ఏ చేతులైతేనేం. ఇన్నేళ్ళూ తనలాగా బతికాననుకున్న ఇంట్లో, తనున్నా లేకపోయినా ఉప్పుడబ్బా మోచేతి దగ్గరికి నడిచొస్తుంది.

మందుబిళ్ళలు, నీళ్ళు తీసుకుని అత్తగారి గదిలోకెళ్ళింది. అత్తగారు గోడకి ఆనుకుని కూర్చుని ఆమెని పాదం నుంచి తల దాకా చూసింది. ఎప్పుడూ లేనిది, నిజంగా చూసింది.

“ఇందాక టీ ఇచ్చింది నువ్వు కాదు,” అంది.

“మీకెలా తెలిసింది అత్తయ్యా?”

“దాని టీలో చక్కెర నేను చెప్పినంతా ఉంది. నువ్వు నామీద కోపమొచ్చినప్పుడల్లా ఒక చెంచా తగ్గిస్తావు. ఇన్నేళ్ళలో నేను సరైన తీపి తాగింది ఇవాళే.”

ఇంకోనాడైతే నవ్వొచ్చేది ఇద్దరికీ. అత్తగారు బిళ్ళ మింగి, గొంతు తగ్గించి అడిగింది.

“కిటికీ పక్కన పెద్దది, ఇంకా కూర్చుంటోందా?”

ఆమె అవునన్నట్టు తలూపింది.

“ఆ తలుపు వేసి రా,” అంది అత్తగారు. “నా పెట్టె అడుగున పసుపుగళ్ళ బట్టొకటుంటుంది, చూడు. దానికీ ఒడి దగ్గర కన్నముంటుంది. నువ్వు పుట్టకముందు మాట. నాకూ ఒక పీట ఉండేది అక్కడ. నన్ను ‘చురకత్తి’ అనేవాళ్ళు, నా నోటికి. నా వంతు బొంత కుడుతూ కుడుతూ నన్ను నేనే కుట్టేసుకున్నాను. మీ మావయ్య స్నానానికి నీళ్ళు కాగలేదని కబురంపితే, కత్తెరేసి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళనివ్వలేదు. ఆ తర్వాత వెళ్ళబుద్ధి కాలేదు. నాలో నవ్వేది ఏదో అక్కడే, ఆ కిటికీ పక్కన ఉండిపోయిందని పెద్దక్క కబురు పెట్టింది కోడలా. ఇంటికొచ్చింది తిట్టేది ఒక్కటే.”

“ఆవిడ నవ్వదు అత్తయ్యా,” అంది ఆమె మెల్లగా. “కుట్టుకుంటూనే ఉంటుంది.”

“నవ్వి నవ్వి అలిసిపోయిందేమోలే. ఎంతకాలమని ఒక్కతే నవ్వుతుంది?” అత్తగారు దుప్పటి అంచు మడతపెడుతూ, విప్పుతూ ఉంది. “ఆఖరి కుట్టు నేనెయ్యాలిగా. నేను అక్కడికి వెళ్తేగానీ దాని బొంత పూర్తికాదు. అలా కుడుతూనే ఉంటుంది పిచ్చిది.”

“అందుకేనా నన్ను వద్దనేది? నాకూ ఇలా అవుతుందనా?”

“అవునని చెప్తే నేను మంచిదాన్నవుతాను,” అంది అత్తగారు. “అబద్ధం దేనికి? నేను పోలేని చోటికి నువ్వు చంకన సంచేసుకుని పోతుంటే ఓర్వలేకపోయాను. నీ బొంత మా అమ్మాయికిమ్మన్నదీ అందుకే. నాకు దక్కనిది నీకెందుకు దక్కాలి అని.”

బయట టీవీలో ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా. అయితే ఆ కోపం మంచం మీదున్న ముసలమ్మ దగ్గర ఆగలేదు. ఆమెని దాటి, గోడ దాటి, ఎక్కడికో పోయింది.

“నడవగలరా అత్తయ్యా?” అంది. “బుధవారానికి.”

ఆ బుధవారం మొగుడు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం ఇద్దరూ చెప్పులేసుకుని ముందుగదిలోంచే నడిచారు, అత్తగారు కోడలి భుజం పట్టుకుని. అతను పేపరు చదువుతున్నాడు. పక్కనుంచే వెళ్ళారు. గాలికి పేపరు కదిలితే చేత్తో సర్దుకున్నాడు. గడప దాటుతుండగా లోపల వంటింట్లో గిన్నె చప్పుడైంది. పంపు తిప్పిన చప్పుడు. లోపలి గదిలో మంచం కిర్రుమంది, ఎవరో ఒత్తిగిలినట్టు. ఇద్దరూ ఒకరి చేతిని ఒకరు గట్టిగా పట్టుకున్నారు. వెనక్కి చూడొద్దని ఎవరూ చెప్పలేదు, అయినా చూడలేదు.

చెక్కమెట్లు ఎక్కడానికి అత్తగారికి చాలాసేపు పట్టింది. పైకెళ్ళేసరికి పెద్దక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

“చురకత్తీ,” అంది. “ఇంత ఆలస్యమా?”

“నీళ్ళు కాగలేదే,” అంది అత్తగారు. ముసలివాళ్ళిద్దరూ ఒకరి మెడ మీద ఒకరు తలపెట్టుకున్నారు.

కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. సంఘంలో ఆ కుర్చీ ఖాళీగా చూసినవాళ్ళు లేరు. పాత బొంత మాత్రం కుర్చీ చేతిమీద వేసి ఉంది. దారం చివర వేలాడుతున్న సూది ఇంకా అటూ ఇటూ ఊగుతోంది. అత్తగారు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. “అబ్బ, ఎంత చల్లగా ఉంది!” అంది. కళ్ళజోడు సర్దుకుని, ఊగే సూదిని పట్టుకుంది. వెలుగు వీపున పడి ఆమె మొహం కూడా నీడైపోయింది. కానీ ఆ నీడ గొణుగుతోంది. “ఇదేం కుట్టే, ఇంత లావుగా! ఇన్నాళ్ళూ ఏం వెలగబెట్టావే?” అని ఎవరినో తిడుతోంది. తిడుతూ తిడుతూ నవ్వింది.

సన్నకుట్టు తన పీట మీద కూర్చుంది. ఆమె బొంత నడిమిదాకా వచ్చేసింది. నాలుగువైపుల వరసలూ వచ్చి కలిశాయి. మిగిలింది అంచు మూల ఒక్కటి, ఆమె కోసం వదిలిన కుట్టు. పెద్దక్క ఆ మూల తిరగేసింది. నీలం చుక్కల ముక్క అక్కడే ఉంది.

“ఆఖరు కుట్టు పడ్డాక ఇక విప్పడానికి రాదు,” అంది పెద్దక్క. “విప్పుకోవాలంటే ఇప్పుడే. విప్పుకుంటే నువ్వు ఒక్కదానివే అవుతావు. అప్పుడు టీ వేళకి ఇంటికెళ్ళాలి, అక్కడ ఇంకెవరూ ఉండరు గనక. విప్పకపోతే...” ఆగిపోయింది. “నేనేం చెప్పనమ్మా. సూది నీ చేతిలో ఉంది.”

అందరూ కుట్టడం ఆపారు. సన్నకుట్టు ఆ ముక్క మీద వేలు పెట్టి చూసింది. ఇంట్లో ఉన్నదాని గురించి ఆలోచించింది. చెప్పినంతా చక్కెర వేసేది, చేతులు చల్లగా ఉండేది, అలిసిపోదు, కోపగించుకోదు, గుచ్చితే నెత్తురు రాదు. ఆ ఇంటివాళ్ళు ఇన్నేళ్ళూ తనని తీర్చిదిద్దాలని చూసింది అలాగే కదా. ఇప్పుడు దొరికింది వాళ్ళకి. ఆమె దారానికి ముడివేసి, ఆ నీలం ముక్క చుట్టూ, దానిమీదుగా, అస్తరులోంచి, దూదిలోంచి, పై పొరలోంచి సూది పోనిచ్చింది. ఆవగింజంత కుట్టు. దారం కొరికింది.

అప్పుడు ఫోను మోగింది.

గదిలో ఎవరూ కదల్లేదు. కిటికీ దగ్గర సూది కూడా ఆగింది. సన్నకుట్టు ఫోనెత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

“హలో,” అంది.

అటునుంచి మొగుడి గొంతు తడబడింది. “ఎవరండీ? ఇది మా ఆవిడ ఫోను. ఎక్కడ పెట్టిందో కనపడ్డం లేదు, మోగిస్తే తెలుస్తుందని చేశాను. మీరెవరు?”

ఇన్నేళ్ళ కాపరం. ఆ గొంతు అతనికి తెలీలేదు.

“మీ ఆవిడ ఎక్కడున్నారండీ?” అని అడిగింది.

“ఎక్కడుంటుంది, ఇంట్లోనే ఉంది. ఎదురుగా వంటింట్లో కనపడుతూనే ఉంది.” అటు తిరిగి కేకేశాడు. “ఇదిగో, అమ్మకి టీ అయిందా?”

ఫోనులో, దూరంగా, గిన్నె చప్పుడు మధ్యనుంచి ఆమె గొంతే పలికింది. “తెస్తున్నానండీ.”

“ఇంతకీ మీరెవరండీ?” అన్నాడు అతను మళ్ళీ.

బొంత చట్రం దిగుతోంది. నర్సు ఒక కొస, వాగుడుకాయ ఒక కొస పట్టుకుని ఆమె భుజాల మీద కప్పుతున్నారు. వెచ్చగా ఉంది.

“రాంగ్ నంబరండీ,” అంది సన్నకుట్టు.